ఒక్క రోజులో హిమాలయ సరస్సు: దేవరియా తాల్, పరాశర్, హేమకుండ్, భృగు... మీకు సరిపడేది ఏది?

ఏటా ఏప్రిల్ రాగానే మా ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తారు. తెర మీద నీలం నీళ్లు, వెనక మంచు కొండ. "ఇక్కడికి వెళ్లాలి. టెంట్లలో పడుకోవడం మా వల్ల కాదు. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలి. ఏ సరస్సు మంచిది?" అని అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ముందు రోజు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?

సరస్సుకీ, పడకకీ ఏం సంబంధం అన్నట్టు చూస్తారు. నిజానికి అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. విజయవాడ, విశాఖ వాళ్లకి ఆ మాత్రం కూడా లేదు. అక్కడి నుంచి విమానం, రాత్రి బస్సు, పొద్దున జీపు ఎక్కి రెండో రోజుకల్లా 4,300 మీటర్ల దగ్గర నిలబడితే కాళ్లు బాగానే ఉంటాయి గానీ తల ఒప్పుకోదు. కొత్త ఊళ్లో నీళ్లు పడకపోయినట్టే కొందరికి ఎత్తు పడదు. ఎవరికి పడదో ముందుగా చెప్పే పరీక్ష లేదు. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడు కూలబడటం, వాళ్ల నాన్న నెమ్మదిగా నడుచుకుంటూ పైకి చేరడం నేను చూశాను.

ఇక్కడ నాలుగు సరస్సులను పక్కపక్కన పెడుతున్నాను. రెండు ఉత్తరాఖండ్‌లో, రెండు హిమాచల్‌లో ఉన్నాయి. పైన గుడారం వేయకుండా, కింద గదిలో పడుకుని, ఒక్క పగట్లో చూసి రాగలిగినవే తీసుకున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, ఇప్పుడే చెప్పిన పడక ఎత్తు. గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఒక్కో శ్వాసకి లోపలికి అందేది తగ్గుతుంది. 2,400 మీటర్ల దగ్గర సముద్రమట్టంలో అందేదానిలో ముప్పావు వంతు అందుతుంది. 4,300 దగ్గర అది దాదాపు 60 శాతమే. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక ఇబ్బంది మొదలవుతుంది: తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం. పగలు ఎక్కి రాత్రికి కిందికి వచ్చేయడం మనకి కలిసొచ్చే విషయమే. కానీ పొద్దున లేచిన చోటికీ మధ్యాహ్నం చేరే చోటికీ మధ్య తేడా ఎంత అన్నది లెక్క వేసుకోవాలి.

రెండోది నిటారు. కిలోమీటర్లు చూసి మోసపోకండి. "ఆరు కిలోమీటర్లే కదా, ట్యాంక్‌బండ్ చుట్టూ తిరిగినంత" అన్నవాళ్లే మధ్యదారిలో గుర్రం బేరమాడుతూ కనబడతారు. మనకి తెలిసిన కొలత ఒకటుంది, అలిపిరి మెట్ల దారి. సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, ఆరేడు వందల మీటర్ల ఎక్కుడు. కింద ఎక్కుడు గురించి చెప్పిన ప్రతిచోటా దీన్ని గుర్తు తెచ్చుకోండి.

మూడోది, మధ్యలో చేతులెత్తేస్తే ఏం జరుగుతుంది? గుర్రం దొరుకుతుందా, టీ కొట్టు ఉంటుందా, కారు అందుబాటులో ఉంటుందా, లేక వచ్చిన దారినే సొంత కాళ్ల మీద దిగాలా? కుటుంబంతో వెళ్లేవాళ్లు నా మాట విని ఎక్కువ మార్కులు దీనికే ఇవ్వండి.

సీజన్, సెలవు రోజులు ఎలాగూ చూసుకుంటారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. "ఒక్క రోజు నడక" అంటే ఒక్క రోజు సెలవు అని కాదు. హైదరాబాద్ నుంచి లెక్కేస్తే వీటిలో అన్నిటికంటే సులువైనదానికి కూడా నాలుగు రోజులు పోతాయి.

| | దేవరియా తాల్ | పరాశర్ | హేమకుండ్ | భృగు |
|---|---|---|---|---|
| రాష్ట్రం | ఉత్తరాఖండ్ | హిమాచల్ | ఉత్తరాఖండ్ | హిమాచల్ |
| సరస్సు ఎత్తు | సుమారు 2,440 మీ. | సుమారు 2,730 మీ. | సుమారు 4,330 మీ. | 4,200 మీ. పైన |
| ముందు రాత్రి పడక | సారీ గ్రామం, 2,000 మీ. దరిదాపు | మండీ, 800 మీ. లోపు; లేదా బాగీ వైపు | ఘాంఘరియా, సుమారు 3,050 మీ. | మనాలీ, సుమారు 2,050 మీ. |
| ఒకవైపు నడక | 3 కి.మీ. లోపు | బాగీ నుంచి 7–8 కి.మీ. | 6 కి.మీ. | గులాబా వైపు నుంచి దాదాపు 10 కి.మీ. |
| దారి | రాళ్లు పరిచిన బాట | అడవి కాలిబాట | రాళ్లు పరిచిన యాత్రా మార్గం, చివర మెట్లు | పచ్చిక, రాళ్లు, మంచు |
| మధ్యలో ఆగిపోతే | అరగంటలో కిందికి | పైదాకా కారు వస్తుంది | గుర్రాలు, టీ కొట్లు | మీరే దిగాలి |
| మంచి కాలం | మార్చి–మే, అక్టోబర్–నవంబర్ | ఏప్రిల్–జూన్, సెప్టెంబర్–నవంబర్ | జూన్–అక్టోబర్ మొదటి వారం | జూన్ మూడో వారం నుంచి సెప్టెంబర్ |
| హైదరాబాద్ నుంచి రోజులు | 4 | 4 | 6–7 | 5–6 |

దేవరియా తాల్: పిల్లలకీ, తొలిసారి వాళ్లకీ

యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలు అడిగిన కొలను ఇదేనని స్థానికుల నమ్మకం. మనం మాటవరసకి "యక్ష ప్రశ్నలు" అంటుంటాం కదా, అవే. ఋషీకేశ్ నుంచి రుద్రప్రయాగ, ఉఖీమఠ్ మీదుగా సారీ అనే పల్లె చేరడానికి ఒక పగలంతా పడుతుంది. రాత్రి సారీలో హోమ్‌స్టేలో పడుకుని, తెల్లవారుజామున బయల్దేరితే గంటన్నరలో పైన ఉంటారు.

ఉత్త సరస్సుగా చూస్తే ఇది చిన్నదే. మధ్యాహ్నం వచ్చినవాళ్లు "ఇంత దూరం ఈ చెరువు కోసమా?" అనుకుని వెళ్లిపోతారు. వాళ్ల తప్పు కూడా లేదు. దీని అందమంతా పొద్దున ఏడెనిమిది గంటల్లోపే. గాలి లేనప్పుడు 7,138 మీటర్ల చౌఖంబా నీళ్లలో తలకిందులుగా నిలబడుతుంది. ఆ తర్వాత గాలి లేస్తుంది, మబ్బు కమ్ముతుంది, బొమ్మ చెదిరిపోతుంది. అందుకే చాలామంది పైన టెంటు వేసుకోవాలని చూస్తారు. అయితే ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాళ్లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది. అప్పటి నుంచి ఆ రాష్ట్రంలో పొద్దున ఎక్కి దిగే నడకలకే గిరాకీ పెరిగింది. సారీలో నాలుగున్నరకి అలారం పెట్టుకోవడమే దీనికి మందు.

నిక్కచ్చిగా మాట్లాడితే ఇది ఆల్పైన్ సరస్సు కాదు. చెట్లు ఆగిపోయే గీత కంటే బాగా కింద, అడవి మధ్యలో ఉంది. మంచు కొండని చూస్తారు తప్ప దాని ఒడిలోకి వెళ్లరు. మార్చి, ఏప్రిల్‌లలో దారి పొడవునా బురాన్ష్ (రోడోడెండ్రాన్ చెట్టు) ఎర్రగా పూస్తుంది, అది బోనస్. ఏడెనిమిదేళ్ల పిల్లలున్న ఇంటికి దీన్ని మించింది నాకు తెలీదు.

పరాశర్: సగం మంది నడుస్తారు, సగం మంది కారు అంటారు అన్నప్పుడు

పరాశరుడంటే మన వ్యాసుడి తండ్రే. మండీ నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ సరస్సు ఒడ్డున ఆయన గుడి మూడంతస్తుల చెక్క కట్టడం, పగోడాలా ఉంటుంది. 13వ శతాబ్దంలో మండీ రాజు బాణసేనుడు కట్టించాడని చెబుతారు. సరస్సులో గడ్డితో నిండిన గుండ్రటి దీవి ఒకటి తేలుతూ ఉంటుంది. పొద్దున ఒక మూల, కొన్నాళ్లకి ఇంకో మూల. కొత్తవాళ్లు తాము ఉన్న రెండు గంటల్లోనే అది కదలాలని చూస్తూ కూర్చుంటారు. పవిత్రమైన నీళ్లు కాబట్టి దిగనివ్వరు.

దీని గొప్పతనమూ లోపమూ ఒకటే: పైదాకా రోడ్డు ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కారులో వస్తారు, మీరు కింద బాగీ అనే పల్లె నుంచి దేవదారు అడవిలో, వాగులు దాటుకుంటూ మూడు నాలుగు గంటలు నడిచి గుడి దగ్గర వాళ్లని కలుసుకోవచ్చు. కుటుంబంలో గొడవ లేని ట్రెక్ ఇదొక్కటే. కానీ చెమటలు కక్కుతూ పైకి వచ్చేసరికి ఎవరో కారు దిగి మ్యాగీ తింటూ ఉంటే కష్టపడిన తృప్తి కాస్త చప్పబడుతుంది. వారాంతాల్లో మండీ, చండీగఢ్ వైపు నుంచి జనం బాగా వస్తారు. మంగళ, బుధ వారాలు పెట్టుకుంటే సగం చికాకు తగ్గుతుంది.

వానాకాలంలో మాత్రం వద్దు. 2023 జూన్ చివర్లో బాగీ దగ్గర మెరుపు వరద వచ్చి పరాశర్ దారిలో పర్యాటకులు చిక్కుకుపోయారు. వాగుల పక్కనే నడిచే దారి అది.

హేమకుండ్: అసలైన ఎత్తు, కాస్త ఆసరాతో

నాకు ఈ నాలుగింటిలో ఒక్కటే మిగల్చమంటే ఇదే మిగులుస్తాను. సిక్కులకి గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటు. హిందువులకి లోకపాల తీర్థం, ఒడ్డున లక్ష్మణుడి గుడి ఉంది. చుట్టూ ఏడు శిఖరాలు, మధ్యలో గాజు పలకలాంటి నీళ్లు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో రాళ్ల సందుల్లో బ్రహ్మకమలాలు పూస్తాయి.

ఇక్కడ పడక ఎత్తు లెక్క బాగా కుదురుతుంది. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులో, అక్కడి నుంచి తొమ్మిది పది కిలోమీటర్లు నడిచో, గుర్రం మీదో ఘాంఘరియా చేరతారు. అక్కడ రాత్రి పడుకుంటారు. అంటే శరీరం 3,050 మీటర్లకి ఒక రాత్రైనా అలవాటు పడుతుంది. కుదిరితే రెండు రాత్రులు పెట్టుకోండి. మొదటి రోజు పక్కనే ఉన్న పూల లోయకి (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) వెళ్లి రండి. అది మరీ నిటారుగా ఉండదు, పైగా జూన్ నుంచి అక్టోబర్ చివరిదాకా తెరిచి ఉంటుంది. రెండో రోజు హేమకుండ్ ఎక్కండి. ఈ వరస తిరగేసి, "కష్టమైంది ముందు అయిపోతే పోలా" అని మొదటి రోజే హేమకుండ్ పెట్టుకునేవాళ్లే ఎక్కువ. అదే పొరపాటు.

ఆరు కిలోమీటర్లలో దాదాపు 1,300 మీటర్ల ఎక్కుడు. అలిపిరి దారిని దాదాపు మూడింతలు నిటారుగా, తక్కువ గాలిలో ఎక్కుతున్నట్టు. పొద్దున ఐదింటికి బయల్దేరితే మామూలు మనిషికి నాలుగైదు గంటలు పడుతుంది. చివర్లో రెండు దారులు విడిపోతాయి: గుర్రాలు వెళ్లే చుట్టుదారి ఒకటి, వెయ్యికి పైగా మెట్లున్న అడ్డదారి ఇంకోటి. ఓపిక ఉన్నా చుట్టుదారినే పట్టండి. అప్పటికి 4,000 మీటర్లు దాటి ఉంటారు, ఆ మెట్లు ఊపిరి లాగేస్తాయి.

పైన ఎవరినీ రాత్రి ఉండనివ్వరు. మధ్యాహ్నం రెండు ప్రాంతానికి కిందికి పంపేస్తారు. గురుద్వారాలో వేడి కిచిడీ, గ్లాసుడు టీ పెడతారు. ఆ చలిలో ఆ కిచిడీకి మా ఇంట్లో ఏ బిర్యానీ సాటి రాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. అమ్మకి అప్పుడు 58 ఏళ్లు. గుర్రం మీద పైకి వచ్చి, కర్ర పట్టుకుని కిందికి నడిచింది. అది మేం చేసిన తప్పు. మోకాళ్లకి దిగడమే అసలు శిక్ష. మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది. ఎక్కేటప్పుడు వీలైనంత నడిపించి, దిగేటప్పుడు డోలీ మాట్లాడి ఉండాల్సింది. గుర్రం మీద దిగడం పెద్దవాళ్లకి భయంగానే ఉంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఋషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ రోడ్డు మీద పది గంటల మాట, కొండచరియ పడితే ఎన్ని గంటలో చెప్పలేం. 2013 వరదల్లో ఈ దారి బాగా దెబ్బతింది. ఉత్తరాఖండ్ యాత్ర రిజిస్ట్రేషన్ ముందే చేసుకోవాలి. జూన్ మొదట్లో వెళ్తే పైన మంచు గోడల మధ్య దారి చెక్కి ఉంటుంది, సరస్సు గడ్డకట్టి ఉండొచ్చు. నీలం నీళ్లు కావాలంటే సెప్టెంబర్. ఇంకో మాట, ఇది యాత్రా స్థలం. ఏకాంతం కోసం వెళ్లేవాళ్లకి గంటల మోత, గుర్రాల పేడ వాసన, భక్తుల రద్దీ నచ్చకపోవచ్చు.

భృగు: ఫొటోలో సులువు, కాళ్లకి కాదు

విష్ణుమూర్తి గుండెల మీద తన్ని, లక్ష్మీదేవి అలిగి వెళ్లిపోయేలా చేసి, చివరికి స్వామి మన ఏడుకొండలకి రావడానికి కారణమైన మహర్షే ఈ భృగువు. ఆయన ఇక్కడ తపస్సు చేశాడని, అందుకే ఈ సరస్సు పూర్తిగా గడ్డకట్టదని కులూ లోయలో చెబుతారు. మే చివర్లో వెళ్తే నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, అంతా తెల్లగానే ఉంటుంది. మహర్షి మీద గౌరవంతోనే చెబుతున్నా.

మనాలీకి దగ్గర, పచ్చిక మైదానాలు కళ్లకి పండగ, హనుమాన్ టిబ్బా, సెవెన్ సిస్టర్స్ శిఖరాలు ఎదురుగా. ఏజెన్సీలు దీన్ని "ఒక్క రోజు ఆల్పైన్ లేక్, బిగినర్లకి అనుకూలం" అని అమ్ముతాయి. నేను ఒప్పుకోను. లెక్క చూడండి. మనాలీలో 2,050 దగ్గర లేచి, మధ్యాహ్నానికి 4,200 దాటాలి. ఆరేడు గంటల్లో పడక కంటే 2,000 మీటర్లకి పైగా. గులాబా దాకా జీపు కొంత ఎత్తు తీసుకెళ్తుంది కాబట్టి కాళ్లకి అంత తెలియదు, అదే అసలు ప్రమాదం. పైన కొట్టు లేదు, గుర్రం లేదు, మెట్లు లేవు. మధ్యాహ్నం పొగమంచు దిగితే గొర్రెల కాపరికి తప్ప దారి ఎవరికీ కనబడదు.

నా మొదటి ప్రయత్నం ఇలాగే పోయింది. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో మనాలీ చేరి, ఒక్క రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. రోలా ఖోలీ పచ్చిక దగ్గర నా తల రెండు ముక్కలవుతున్నట్టు ఉంది. మా వాడు ఒకడు తిన్నదంతా కక్కాడు. మమ్మల్ని తీసుకెళ్లిన కుర్రాడు "ఇంకో పది నిమిషాలే సార్" అంటూనే ఉన్నాడు. గంట గడిచినా ఆ పది నిమిషాలు అవలేదు. సరస్సు చూడకుండానే వెనక్కి తిరిగాం. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు మనాలీలో మూడు రాత్రులు ఉండి, మధ్యలో ఒక రోజు పైకి వెళ్లి గడిపి వచ్చి, ఆ తర్వాత ఎక్కాను. అదే దారి, అవే కాళ్లు, ఈసారి తల నొప్పి లేదు. సెప్టెంబర్ రెండో వారం. నీళ్ల దగ్గర మేం ముగ్గురం, ఒక కుక్క. అంతే. హేమకుండ్‌లో దొరకనిది అక్కడ దొరికింది.

కాబట్టి భృగు మంచిది కాదని అనను. కనీసం మూడు రాత్రులు మనాలీలో గడపగలిగితేనే, ముందు ఒక ట్రెక్ చేసి ఉంటేనే, స్థానిక గైడ్‌తోనే వెళ్లండి. గులాబా దారి రోహ్‌తాంగ్ కనుమ వైపే కాబట్టి వాహనాల పర్మిట్ సంగతి ముందు రోజే కనుక్కోండి.

జాబితాలో ఎందుకు లేవని అడిగేవాళ్లకి

చంద్రతాల్: హిమాచల్‌లో స్పీతి వైపు, సుమారు 4,300 మీటర్లు. పార్కింగ్ నుంచి కిలోమీటరు పైచిలుకు నడకే కాబట్టి సులువనిపిస్తుంది. మనాలీ నుంచి ఒకే రోజులో కారులో వచ్చి అక్కడి క్యాంపుల్లో పడుకునేవాళ్లకి రాత్రి నరకం కనబడుతుంది, ఎందుకంటే పడకే ఆ ఎత్తులో. స్పీతిలో కొన్నాళ్లు తిరిగాక చివర్లో పెట్టుకోండి.

కరేరీ: ధర్మశాల దగ్గర, 2,934 మీటర్లు. ఒకవైపే దాదాపు 13 కిలోమీటర్లు. ఒక్క రోజులో ముగించేవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు.

మరి మీరు?

పదేళ్లలోపు పిల్లలు ఉంటే మరో ఆలోచన లేకుండా దేవరియా తాల్. 4,000 మీటర్ల పైకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లడం నాకు ఇష్టం ఉండదు. తలనొప్పిగా ఉందని వాళ్లు సరిగ్గా చెప్పలేరు.

అమ్మానాన్నలు తోడుంటే, వాళ్లకి నడక ఇష్టం లేకపోతే పరాశర్. భక్తి ఉండి, బీపీ, గుండె విషయంలో డాక్టర్ సరే అంటే హేమకుండ్. "తిరుమల నడిచి ఎక్కాను, ఇది ఎంత?" అనే పెద్దవాళ్లకి ఘాంఘరియాలో రెండు రాత్రులు ఉంటామని ముందే ఒప్పించండి.

ఇరవైల్లో ఉన్న స్నేహితుల గుంపుకి భృగు అంటే మోజు, తెలుసు. మీ దగ్గర లాంగ్ వీకెండ్ మాత్రమే ఉంటే పరాశర్ వెళ్లండి, బాగీ నుంచి నడిచి ఎక్కి నడిచే దిగండి, పదిహేను కిలోమీటర్లు కాళ్లకి చాలు. వారం రోజులుంటే భృగు.

సెలవు జూలై, ఆగస్టులోనే దొరుకుతుందా? హిమాచల్‌లో 2023 జూలైలో బియాస్ నది మనాలీ రోడ్డునే తీసుకుపోయింది. ఆ నెలల్లో నేనైతే వెళ్లను. పూల లోయ నిండుగా ఉండేది సరిగ్గా అప్పుడే, అదో బాధ. వెళ్లి తీరాలంటే ముందూ వెనకా రెండేసి రోజులు ఖాళీ ఉంచుకుని హేమకుండ్ వైపు వెళ్లండి. నవంబర్‌లోనే కుదురుతుందంటే హేమకుండ్ మూసేసి ఉంటుంది, భృగు మీద మంచు పడి ఉంటుంది. దేవరియా తాల్‌కి మాత్రం ఆకాశం అద్దంలా ఉండే నెల అది.

బయల్దేరే ముందు

నెల రోజుల ముందు నుంచి వారానికి మూడుసార్లు మెట్లు ఎక్కి దిగండి. పదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే లిఫ్ట్ మర్చిపోండి. ఒక ఆదివారం భువనగిరి కోట, ఇంకో వారం అలిపిరి. అలిపిరి మూడున్నర గంటల్లోపు ఎక్కి, మర్నాడు మామూలుగా నడవగలిగితే హేమకుండ్‌కి కాళ్లు సిద్ధం. ఊపిరి సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. పక్కవాడు ఇచ్చాడని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా జాగ్రత్త, డాక్టర్‌ని అడగండి. తలనొప్పితో పాటు తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనబడినా మాత్ర కోసం వెతక్కండి, వెంటనే దిగడం మొదలుపెట్టండి. మధ్యాహ్నం పన్నెండింటికి సరస్సు కనబడకపోయినా వెనక్కి తిరగండి. ఆ టైమ్ ముందు రాత్రే గుంపులో అందరూ ఒప్పుకుని ఉండాలి, లేకపోతే పైన వాదన మొదలవుతుంది.

బూట్లు కొత్తవి వద్దు. రెండు నెలలు వీధిలో తొడిగి అరగదీసినవే వేసుకోండి. రిటర్న్ విమానం టికెట్ కొండ దిగిన మర్నాటికి కాకుండా ఆ పై రోజుకి తీసుకోండి. ఆ ఒక్క రోజు రోడ్డు మీద పోకుండా మిగిలితే ఋషీకేశ్‌లోనో మండీలోనో కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.